కిరీటం సంగతి తర్వాత చూద్దాం

2014 సెప్టెంబర్ 18న స్కాట్లాండ్ జనాన్ని ఒక్కటే ప్రశ్న అడిగారు. స్కాట్లాండ్ స్వతంత్ర దేశం కావాలా, వద్దా? పదహారేళ్లు నిండిన పిల్లలకు కూడా ఓటు ఇచ్చారు. అక్కడ ఉంటున్న కామన్వెల్త్ దేశాలవాళ్లకూ ఇచ్చారు. అట్లా కర్నూలు జిల్లాలో ఒక మాదిగ గేరిలో పుట్టి, గ్లాస్గోలో నర్సింగ్ చదువుకుంటున్న నాకూ ఒక ఓటు వచ్చింది. మా నాయన 1989 దాకా తన ఓటు తాను వేసినోడు కాదు. పోయేసరికే అది పడిపోయి ఉండేది. అందుకని ఓటు సంగతి నేను తేలిగ్గా తీసుకోను. ఎవరి దేశమైతే ఏంది, చేతికొచ్చిన ఓటు గురించి ఆలోచించాల్సిందే అనుకున్నాను.

నన్ను ఆపింది పౌండు కాదు, నార్త్ సీ చమురూ కాదు. రాణి. విడిపోదామన్న స్కాట్లాండ్ ప్రభుత్వం 2013 నవంబర్లో 600 పేజీలు దాటిన లావు పుస్తకం ఒకటి వేసింది. విడిపోయాక కూడా రాణిగారే దేశాధినేతగా ఉంటారని అందులో రాసుకున్నారు. వాళ్ల లెక్క ఇది: 1603లో ఇంగ్లండు రాణి పిల్లల్లేకుండా చనిపోతే, స్కాట్లాండ్ రాజు జేమ్సే పోయి ఆ గద్దె కూడా ఎక్కాడు. పార్లమెంట్లు కలిసిపోయింది ఆ తర్వాత, 1707లో. మేం విప్పమనేది 1707 ముడిని, 1603 ముడిని కాదు అంటారు. చరిత్రగా ఇది సరే. కానీ మమ్మల్ని మేమే ఏలుకుంటాం అనే జనం, ఒక ఇంట్లో పుట్టినందుకు ఒక మనిషిని నెత్తిన ఎందుకు పెట్టుకోవాల? ఏలే హక్కు జనానిదా, పుట్టుకదా?

చదువుకుంటూ వారానికి కొన్ని గంటలు ఒక వృద్ధాశ్రమంలో పనిచేసేవాణ్ణి. ఆ ఎండాకాలమంతా అక్కడ ఇదే గొడవ. క్లైడ్ నది ఒడ్డున ఓడలు కట్టి రిటైరైన పెద్దాయన ఒకాయన ఉండేవాడు. నన్ను 'సన్' అనేవాడు, మావైపు 'నాయనా' అన్నట్టే. రాణి అంటే ఆయనకు ఒళ్లుమంట. అయినా ఓటు మాత్రం 'నో'కే. "లివర్‌పూల్లో రేవు కూలీకీ నాకూ మధ్య గోడ ఎందుకు సన్? గోడ కట్టినంత మాత్రాన యజమాని మారతాడా?" అనేవాడు. ఆయన మనవడికి పదిహేడేళ్లు. వాడిది 'యెస్'. రాణి గురించి అడిగితే భుజాలెగరేసేవాడు. "నోటు మీద బొమ్మే కదా, ఉంటే ఏం, పోతే ఏం." చూడండి తమాషా. కిరీటం వద్దనే తాత కలిసి ఉందామంటాడు. విడిపోదామనే మనవడికి కిరీటం లెక్కేలేదు.

నాతోపాటు పనిచేసే ఆమె ఐర్లండు నుంచి వలసొచ్చిన కేథలిక్కుల ఇంటిది. ఒకరోజు దుప్పట్లు మడతపెడతా చెప్పింది. కేథలిక్కు అయిన మనిషి ఆ సింహాసనం ఎక్కకూడదని 1701లో చట్టం చేశారంట. అదింకా తియ్యలేదు. "ఎక్కాలని నాకేం లేదు. కానీ ఎక్కకూడదని రాసిపెట్టారే, అది" అంది. ఆమెకు నేను ఇంకేం వివరించనక్కర్లేదనిపించింది. మా ఊర్లో గుడి సంగతి చెప్పాను. అందులోకి పోవాలని నాకూ ఏనాడూ లేదు.

ఇక మా రూము సంగతి. నలుగురం తెలుగోళ్లం. అదే ఏడాది జూన్ 2న తెలంగాణ వచ్చింది కాబట్టి విడిపోవడం మీద అందరూ పండితులే. కరీంనగర్ తమ్ముడు 'యెస్', గుంటూరాయన 'నో'. రాణి విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట. "ఈ కాలంలో పుట్టుకతో రాణేంది, సిగ్గులేకుండా" అని నవ్వేవాళ్లు. రూములో దిగిన మొదటిరోజే నా ఇంటిపేరు అడిగింది ఆ గుంటూరాయనే. దాంతో తేలక, మా ఊర్లో మా ఇల్లు ఏ వైపో అడిగాడు. చెప్పాను. వారం తిరిగేసరికి వంటగదిలో నా గిన్నె ఒక్కటే కింది అరలోకి దిగింది. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అడిగితే, "అబ్బే, అదేం లేదు బ్రదర్, ఊరికే సర్దాం" అన్నాడు.

ఈ 'ఊరికే' గురించే నా బాధ. రాణికి అధికారమేమీ లేదు, ఊరికే అలంకారం, ఎవరికీ హాని లేదు అని స్కాట్లాండ్‌లో చాలామంది మంచివాళ్లే అన్నారు. ఓటింగుకు నాలుగు రోజుల ముందు, ఆదివారం, బాల్మోరల్ దగ్గర చర్చి బయట రాణిగారు ఒక మాటన్నారు. జనం భవిష్యత్తు గురించి చాలా జాగ్రత్తగా ఆలోచిస్తారని ఆశిస్తున్నానని. అంతే. మా ఆశ్రమంలో ఒక ముసలామె ఆ మాటకు పొంగిపోయింది. ఐదేళ్ల తర్వాత, 2019లో, అప్పటి ప్రధాని డేవిడ్ కామెరాన్ టీవీలో చెప్పాడు, రాణి కనుబొమ్మ పావు అంగుళం ఎత్తినా మేలవుతుందని అప్పట్లో ఆమె మనుషుల్ని అడిగానని. అధికారం లేనిదాని కనుబొమ్మ కోసం ప్రధానమంత్రి ఎందుకు దేబిరించాల? మా ఊర్లో పెద్దరెడ్డికీ ఏ పదవీ లేదు. అరుగు మీద కూచొని దగ్గితే చాలు, పంచాయితీ తీర్పు మారిపోయేది.

అయితే మా జేజి నాతో ఒప్పుకోకపోను. ఆమెకు రాణంటే గురి. విక్టోరియా రాణి బొమ్మున్న వెండి రూపాయి ఒకటి పాతగుడ్డలో చుట్టి దాచుకుంది. "దూరంగా ఉన్న దొర కొట్టడు రా, దగ్గరున్నోడే కొడతాడు" అనేది. మా సీమలో మన్రో కలెక్టరు పేరు పిల్లలకు పెట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఆ మన్రో పుట్టింది ఈ గ్లాస్గోలోనే, 1761లో. ఆయన రైతువారీలో మా తాతలకు ఒక్క సెంటు పట్టా రాలేదు, అది వేరే సంగతి. జేజి మాటను నేను తోసెయ్యలేను. అధికారం దగ్గరికొస్తే ఎవరి చేతికొస్తుంది అనేది మనబోటివాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న. తెలంగాణ వస్తే తొలి ముఖ్యమంత్రి దళితుడేనని మాటిచ్చారు. వచ్చాక ఆ కుర్చీలో ఎవరు కూచున్నారో మీకు తెలుసు.

ఈ ప్రశ్నను బాబాసాహెబ్ 1930లో లండన్లోనే అడిగాడు, రౌండ్ టేబుల్ దగ్గర. మీరొచ్చి ఇన్నేళ్లయినా మా అంటరానితనం అట్లే ఉంది కదా అని తెల్లవాళ్ల మొహాన్నే అన్నాడు. ప్రజల ప్రభుత్వమే కావాలన్నాడు. కానీ అందులో మా చోటు ఏదో ముందే తేల్చి రాయండన్నాడు. స్వరాజ్యం వద్దన్న మనిషి కాదు ఆయన. 'ముందు స్వరాజ్యం, మీ కులం సంగతి తర్వాత చూద్దాం' అంటే ఒప్పుకోలేదు. ఎందుకంటే ఆ తర్వాత అనేది రాదని ఆయనకు తెలుసు. గ్లాస్గో వీధుల్లో 'యెస్' కరపత్రాలు పంచే కుర్రాళ్లు నాతో అదే మాట అన్నారు. ముందు స్వాతంత్య్రం, కిరీటం సంగతి తర్వాత చూద్దాం. వాళ్లలో సగంమందికి రాణి అక్కర్లేదు. రాణంటే ఇష్టపడే ముసలివాళ్ల ఓట్లు పోతాయని భయం.

దీన్ని తలకిందులు చేసే సంగతి ఇంకొకటి ఉంది. దాచడం న్యాయం కాదు. బ్రిటన్లో కులవివక్షను చట్టం కిందికి తేవాలని 2013లో పట్టుబట్టింది ఎవరనుకున్నారు? జనం ఎన్నుకున్న కామన్స్ సభ కాదు, ప్రభువుల సభ. పుట్టుకతో సీటొచ్చినవాళ్లు అప్పటికింకా కొందరుండిన సభ. వాళ్లు రెండుసార్లు ఓటేసి పట్టుబడితేనే ప్రభుత్వం తలవంచింది. అది తెలిసినప్పుడు నాకు నవ్వాల్నో ఏడవాల్నో తెలీలేదు. తర్వాత 2018లో ప్రభుత్వం ఆ చట్టం తేబోమని చెప్పేసింది. దయ తలిచి ఇచ్చేది అట్లే ఉంటుంది. బ్రిటన్‌కు మనలాగా ఒక్కచోట రాసిపెట్టుకున్న రాజ్యాంగం లేదు. ఫలానా అధికరణం ప్రకారం నా గిన్నె పై అరలో ఉండాలని వేలుపెట్టి చూపడానికి పుస్తకం లేదు.

నేను 'యెస్' వేసింది అందుకే. ఆ 600 పేజీల్లో రాణి ఉంది, నిజమే. విడిపోయాక జనమంతా కూచొని రాజ్యాంగం రాసుకుంటారని కూడా ఉంది. రాయడం మొదలుపెడితే, దేశాధినేత ఎవరు, ఎందుకు అనేది ఎవరో ఒకరు అడక్క తప్పదు. అడిగే చోటంటూ ఒకటి ఏర్పడుతుంది. పెద్దాయనకు ఈ మాట చెప్తే పెదవి విరిచాడు. "మీకు అంత గొప్ప పుస్తకం ఉంది కదా సన్, మరి మీ రూమువాడు గిన్నె ఎట్లా జరిపాడు?" అన్నాడు. పుస్తకం గిన్నెను ఆపదు. కానీ అదే లేకపోతే మా నాయన ఓటు 1989లో కూడా ఆయన చేతికి వచ్చేది కాదు. ఇద్దరం ఒకరికొకరం లొంగలేదు.

నూటికి 84.6 మంది ఓటేశారు. 'నో' 55.3 శాతం, 'యెస్' 44.7 శాతం. గ్లాస్గో మాత్రం 'యెస్' అంది. పెద్దాయన మర్నాడు గెలిచినట్టు లేడు. టీ తాగలేదు. 2022 సెప్టెంబర్లో రాణి బాల్మోరల్‌లో చనిపోయింది. ఆక్స్‌ఫర్డ్‌లో కొత్త రాజును ప్రకటిస్తుంటే, ఈయన్ని ఎవరు ఎన్నుకున్నారని అరిచిన మనిషిని పోలీసులు పట్టుకుపోయారు. అదే నవంబర్లో, లండన్ ఒప్పుకోకుండా స్కాట్లాండ్ ఇంకో రెఫరెండం పెట్టుకోలేదని సుప్రీంకోర్టు చెప్పింది.

ఇప్పుడు నేనిక్కడే ఒక ఆస్పత్రిలో నర్సును. వీసా రూల్సు ఏటికేడు మారుతున్నాయి. పౌరసత్వం తీసుకుంటే ఆ భయం ఉండదు. తీసుకోవాలంటే అందరి ముందు నిలబడి, చార్లెస్ రాజుకూ ఆయన వారసులకూ విధేయుడిగా ఉంటానని ప్రమాణం చెయ్యాలి. చేసిన రోజే అంబేద్కర్ రాసిన రాజ్యాంగం కింద నా పౌరసత్వం పోతుంది, రెండూ ఉండనివ్వరు. రాజుకంటే ఆ వారసులు అనే మాటే నాకు గొంతు దిగదు. ఇంకా పుట్టనివాడికి, పుట్టబోతాడు కాబట్టి, నేనిప్పుడే తలవంచాలన్నమాట. మా పాప గ్లాస్గోలో పుట్టింది. ఆమె ఏ ప్రమాణమూ చెయ్యక్కర్లేదు.

"రెండు మాటలే కదా, ఊరికే అనేసి రారాదా" అంటుంది నా భార్య. ఆమె చెప్పేది ఇల్లు గడిచే మాట. ఫారం నింపి పెట్టాను. సంతకం చెయ్యలేదు.