స్థానబలిమి, బంధనం: సముద్ర క్షీరదాల ప్రదర్శనపై నైతిక విచారణ

కర్నూలు జిల్లా పశ్చిమాంచున, కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న హాలహర్వి ప్రాంతం సముద్రానికి బహుదూరం. అక్కడి విద్యార్థికి డాల్ఫిన్ పాఠ్యపుస్తకంలోని బొమ్మ మాత్రమే. సముద్ర క్షీరదాలను కొలనులలో ఉంచి ప్రదర్శించడాన్ని సమర్థించేవారి ప్రధానవాదం ఇటువంటి ప్రాంతాలకే ఎక్కువగా వర్తిస్తుంది. తీరానికి వెళ్లలేనివారికి సముద్రజీవిని చూపడం విద్యాసేవ అనీ, చూసినదాన్నే మనిషి ప్రేమించి కాపాడుకుంటాడనీ వారి భావన. దీనిని తేలికగా తోసిపుచ్చడం సరికాదు. తీరవాసికి సహజంగా దక్కే అనుభవం మెట్టప్రాంతపు బిడ్డకు దక్కకపోవడం కూడా ఒక అసమానతే. అయితే కొలనులో కనిపించేది నిజంగా డాల్ఫినేనా అన్నది అంతకన్నా మౌలికమైన ప్రశ్న.

ఈ ప్రశ్నకు తెలుగు సాహిత్యంలోనే ఒక ఆధారం ఉంది. నీటిలో ఏనుగును సైతం పట్టగల మొసలి, నీరు విడిస్తే కుక్క చేత భంగపడుతుందని వేమన చెప్పాడు. బలం మొసలిది కాదు, స్థానానిది అన్నది అందలి సారాంశం. వేమన ఉద్దేశించినది లోకనీతి. జంతుహక్కుల చర్చ కాదు. అయినప్పటికీ ప్రాణి స్వభావం దాని స్థానంతో విడదీయరానిదన్న గుర్తింపు అందులో ఉంది. డాల్ఫిన్ తాను వెలువరించిన ధ్వని తిరిగివచ్చే తీరును బట్టి దారినీ, ఆహారాన్నీ గుర్తిస్తుంది; గుంపుతో కలిసి వేటాడుతుంది. శిక్షకుడు నోటికందించే చచ్చిన చేపకు ఈ శక్తులేవీ అవసరం లేదు. శరీరం మిగిలి, ఆ శరీరం దేనికోసం రూపొందిందో ఆ జీవనం లోపించిన స్థితి అది.

బంధనంలో ఆహారం, వైద్యం, శత్రుభయం లేని భద్రత లభిస్తాయన్నది మరొక వాదం. అనుభవం ఈ హామీని అన్నివేళలా నిలబెట్టలేదు. 1990ల చివర చెన్నై సమీపంలోని డాల్ఫిన్ సిటీకి బల్గేరియా నుంచి తెచ్చిన డాల్ఫిన్లు కొద్ది నెలలకే మరణించాయి. హామీ పూర్తిగా నెరవేరినా సమస్య తీరదు. సంరక్షణ బాధను తగ్గించగలదు కాని, స్థానాన్ని ఇవ్వలేదు.

17 మే 2013న కేంద్ర జంతు ప్రదర్శనశాలల ప్రాధికార సంస్థ డాల్ఫిన్ ప్రదర్శనశాలల స్థాపనను అనుమతించరాదని రాష్ట్రాలకు సూచించింది. డాల్ఫిన్లను మానవేతర వ్యక్తులుగా పరిగణించాలన్న అభిప్రాయాన్ని ఆ ఉత్తర్వు ప్రస్తావించడం గమనార్హం. ఇక్కడ చర్చ దయ నుంచి హక్కు వైపు జరిగింది. దయ ఇచ్చేవారి ఇష్టంపై ఆధారపడుతుంది. హక్కు ఇష్టాయిష్టాలతో నిమిత్తం లేనిది.

నిషేధంతో నైతికబాధ్యత ముగియదు. 1979లో ఐస్‌లాండ్ సముద్రంలో పట్టుబడిన కైకో అనే ఓర్కాను సుదీర్ఘమైన శిక్షణ తరువాత 2002లో స్వేచ్ఛగా వదిలారు. అది నార్వే తీరం చేరి, అక్కడ మనుషుల సాంగత్యాన్నే వెదుక్కొని, 2003లో మరణించింది. తీసుకున్న స్థానాన్ని తిరిగి ఇవ్వడం తీసుకున్నంత సులభం కాదని ఈ ఉదంతం తెలుపుతుంది. కనుక ఇప్పటికే బందీలైనవాటిని జీవితాంతం పోషించడం, కొత్తగా ఒక్కదానిని కూడా బంధించకపోవడం, బంధనంలో సంతానోత్పత్తిని ఆపడం పరస్పరం ముడిపడిన కర్తవ్యాలు. 2016లో అమెరికాలోని సీవరల్డ్ ఓర్కాల సంతానోత్పత్తిని నిలిపివేయడం ఈ దిశలో పడిన అడుగు.

మెట్టప్రాంత విద్యార్థికి సముద్రాన్ని తెలుసుకునే హక్కు ఉన్నది. ఆ హక్కును చలనచిత్రం, ధ్వనిముద్రణ, అస్థిపంజర ప్రదర్శన, తీరయాత్ర ద్వారా తీర్చవలసిన బాధ్యత సమాజానిది. ఆ బాధ్యత ఖర్చును ఒక ప్రాణి జీవితకాలపు బంధనంతో చెల్లించడం న్యాయం కాదు. స్థానబలిమిని కోల్పోయిన డాల్ఫిన్‌ను చూపడం వల్ల విద్యార్థికి అందేది డాల్ఫిన్ గురించిన జ్ఞానం కన్నా, బలవంతుడు బలహీనుణ్ణి వినోదానికి వాడుకోవచ్చునన్న పాఠమే.