తేడా మాత్రమే నాది

ఎక్స్-ప్లేన్ కోసం డబ్బులు పెట్టి కొన్న ఓ విమానాన్ని రెండు నెలలు కూర్చుని సరిచేసుకున్నాను. నాగార్జునసాగర్ రన్‌వే మీద దిగేటప్పుడు ముక్కు అనవసరంగా లేచేది, ఇప్పుడు లేవట్లేదు. నల్లగొండలో ఉండే మా మేనమామ కొడుకు అడిగాడు: "బావా, గా ఫైలు నాకు గూడ పంపరాదు?"

సక్రమంగా కొన్న ప్రోగ్రామ్‌ని వ్యాపారం కాని సొంత వాడకానికి మార్చుకోనిస్తుంది 1957 కాపీరైట్ చట్టం, 52వ సెక్షన్. పంచడం వేరే సంగతి. తయారీదారుని అడిగితే ప్యాచ్ వరకు ఒప్పుకున్నాడు. అంటే పాత ఫైలుకీ కొత్తదానికీ మధ్య ఉన్న తేడా, అంతే. అసలు విమానం లేనివాడికి అది ఉత్త అంకెలు.

చింతకింది మల్లేశం 1999లో చేసిన ఆసు యంత్రం గుర్తొచ్చింది. అది ఎవరి డిజైన్‌నీ ఎత్తుకుపోలేదు, తల్లి భుజం నొప్పిని తీసేసింది. పోచంపల్లి ఇక్కత్‌ని ప్రింటు కొట్టి అమ్మేవాడు చేసేది దానికి తలకిందులు. నా ప్యాచ్ ఆసు లాంటిదే అని సర్దిచెప్పుకున్నాను.

కానీ మగ్గమే లేనివాడికి ఆసు ఎందుకు? వాడి దగ్గర విమానం కొనే డబ్బుల్లేవు. న్యాయంగా ఉన్నాను, వాడికి మాత్రం ఏమీ ఇవ్వలేదు.

ఇప్పుడు ఇద్దరం ఫ్లైట్‌గేర్‌లో కూర్చుంటున్నాం. దాని జీపీఎల్ లైసెన్స్ మార్చుకోమంటుంది, మొత్తంగా పంచుకోమంటుంది. విమానం అంత అందంగా లేదు. వచ్చే రెండు నెలలు దానికే.