అందరి సొత్తును అమ్మే హక్కు ఎవరికుంది?

కామారెడ్డి జిల్లా లింగంపేటలో నాగన్న బావి అనే పురాతన మెట్లబావి ఉంది. శిథిలమైన ఆ బావిని ఇటీవలి సంవత్సరాల్లో బాగు చేశారు. దాన్ని తవ్విన చేతులు ఏనాడో మట్టిలో కలిసిపోయాయి. మేలు మాత్రం మనకు అందుతోంది. పూర్వీకులు వదిలి వెళ్లినవాటిని మనం రాబోయేవారికి అందించాలా, లేక అమ్ముకుని తినేయాలా?

పార్కులు, చెరువు శిఖాలు, మేత బీళ్లు కూడా ఇలాంటి సొత్తే. భూమి ధర పెరిగిన కొద్దీ వాటిపై కళ్లు పడతాయి. ‘ఖాళీగానే ఉంది కదా, అమ్మితే ఆ డబ్బుతో మంచి పనులు చేయవచ్చు’ అంటారు. 2025లో హైదరాబాదు శివారు కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలను వేలం వేసే ప్రయత్నం జరిగింది. యంత్రాలు చెట్లను కూల్చాయి. విద్యార్థులు అడ్డుపడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనులను ఆపించింది. కంచ అంటేనే పశువులు మేసే బీడు!

నీరు, పచ్చిక, నిప్పు - ఈ మూడింటిలో ప్రజలందరికీ భాగం ఉందని దైవప్రవక్త (స) బోధించారు. అబ్‌యద్ బిన్ హమ్మాల్ (రజి) మారిబ్‌లోని ఉప్పు గనిని కోరితే ఆయన ఇచ్చారు. అది ఎడతెగని నీటి ఊట వంటిదని ఒకరు తెలుపగానే వెనక్కి తీసుకున్నారు. గమనించండి! అడిగినవారు సహాబీ, ఇచ్చినవారు సాక్షాత్తూ ప్రవక్త (స). అయినా అందరిదని తేలాక ఒకరి చేతిలో ఉండనివ్వలేదు.

మరి ఉద్దేశం మంచిదైతే? బెంగుళూరులో పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ఆసుపత్రి కట్టడానికి ఒక ప్రైవేటు ట్రస్టుకు ఇచ్చారు. స్థానికులు కోర్టుకెక్కారు. ఆ కేటాయింపు చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆసుపత్రి చెడ్డదని కాదు. దానికి వేరే స్థలం వెతకవచ్చు. కట్టడాల మధ్య పోయిన పార్కు మాత్రం తిరిగి రాదు.

ప్రభుత్వం ఏ భూమినీ అమ్మకూడదని మా వాదన కాదు. ఖజానాకు చెందిన భూమి వేరు, ప్రజల వాడుకకు వదిలిన భూమి వేరు. రెండవదానికి పాలకుడు యజమాని కాడు, అమానతుదారుడు. దాని హక్కుదారుల్లో ఇంకా పుట్టనివారు కూడా ఉన్నారు. వారిని ఎవరు అడిగారు?

సోదరులారా! వేలు పాలకుల వైపే చూపితే సరిపోదు. మన ప్రహరీ రెండడుగులు ముందుకు జరగలేదు కదా? ‘మసీదు కోసమే కదా’ అంటూ అందరి స్థలం మీద ఆశ పడలేదు కదా? అన్యాయంగా కలుపుకున్న జానెడు నేల సైతం ప్రళయదినాన ఏడు భూముల బరువై మెడకు చుట్టుకుంటుందని ప్రవక్త (స) హెచ్చరించారు. పుణ్యకార్యమైనా ఇతరుల హక్కు మీద నిలబడకూడదు.

మీ ఊరి ఉమ్మడి స్థలం రికార్డులో ఎంత ఉందో, నేల మీద ఎంత మిగిలిందో గ్రామసభలో అడగండి. ఇరుగుపొరుగు వారందరినీ కలుపుకుని అడగండి. అమానతును కాపాడే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.