పానోత్సవమునకు పోదగునా?

మద్యము ముట్టనివాడు మద్యోత్సవమునకు పోవచ్చునా? ఈ ప్రశ్నను విని కొందఱు నవ్వుదురు, కొందఱు కోపింతురు. విచారించి చూచినచో ఇది నవ్వుటకుగాని కోపించుటకుగాని తగినది కాదు. నా పూర్వశిష్యుడొకడు జర్మనీ దేశమున చదువుకొనుచున్నాడు. సహాధ్యాయులతో మ్యూనిక్ నగరమునకు పోయి, అచ్చటి ఆక్టోబరు ఉత్సవమును చూడ సంకల్పించి తల్లికి తెలియజేసెను. ఆమెది నెల్లూరు జిల్లా. 1992వ సంవత్సరమున దూబగుంట మొదలైన గ్రామముల స్త్రీలు సారా దుకాణములను మూయించిన ఉద్యమమున తానును పాల్గొన్నది. "పోవలదు" అను నొక్క మాటతో ఆమె ముగించెను. కుమారుడు నా యభిప్రాయ మడిగెను. ఇరువురి పక్షములును ఆలోచింపదగినవే.

ముందుగా ఆ యుత్సవ మెట్టిదో తెలిసికొందము. 1810వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన బవేరియా యువరాజగు లూడ్విగునకును, తెరేసా రాజకుమారికిని వివాహము జరిగెను. ఆ సందర్భమున నగరము వెలుపలి మైదానమున గుఱ్ఱపు పందెములు జరిపిరి. పెండ్లికూతురి పేరనే ఆ మైదానమునకు తెరేసియన్‌వీజె అను నామము కలిగెను. మఱుసటి యేడు వ్యవసాయ ప్రదర్శనము చేరెను. బీరు గుడారములు తరువాత క్రమక్రమముగా పెరిగినవి. కావున పుట్టుకచే నది పానోత్సవము కాదు, పెండ్లి పండుగ. నేడు సెప్టెంబరు నడుమ మొదలై అక్టోబరు మొదటి వారమువఱకు పదునాఱు మొదలు పదునెనిమిది దినములు జరుగును. నగరములోనే బీరు తయారుచేయు ఆఱు సంస్థలవారికి మాత్రమే అచ్చటి పెద్ద గుడారములలో తమ బీరు నమ్ము హక్కు కలదు. పాత్ర యొక్కొక్కటి లీటరు పట్టును. 2023వ సంవత్సరమున డెబ్బది లక్షలకు పైగా జనము వచ్చిరి. తాతలును మనుమలును పూర్వపు దుస్తులు ధరించి, పరిచయము లేనివారితో నొకే బల్లకడ కూర్చుండి పాడుదురు. 1854లోను 1873లోను కలరా వచ్చినప్పుడును, 2020, 2021 సంవత్సరములలో కరోనా వ్యాపించినప్పుడును ఉత్సవమును మానిరి. ప్రాణమునకంటె పండుగ యెక్కువ కాదని ఆ నగరమువా రెఱుగుదురు.

ఇట్టి విషయమును మన ప్రాచీనులును ఆలోచింపకపోలేదు. కౌటిల్యుడు సురాధ్యక్షుని విధులు చెప్పుచు, ఉత్సవములందును, సమాజములందును, యాత్రలందును నాలుగు దినములపాటు సురను అనుమతింపవచ్చునని విధించెను. అశోకుడు తన మొదటి శిలాశాసనమున సమాజములందు పెక్కు దోషములు చూచుచున్నానని చెప్పి, వానిని కూడదనెను. కాని మంచివగు సమాజములును కొన్ని కలవని వెంటనే చేర్చెను. ఆ శాసనము మన కర్నూలు జిల్లా యెఱ్ఱగుడి బండలపై నేటికిని నిలిచియున్నది. ఒకడు అనుమతించుచు హద్దు పెట్టెను. ఒకడు నిషేధించుచు మినహాయింపు నిచ్చెను. పండుగ యంతయు మంచిదనిగాని, యంతయు చెడ్డదనిగాని ఇరువురిలో నెవ్వరును అనలేదు.

మన విద్యావంతులలో మఱియొక దోషము కలదు. కూలివాని సారా నీచమనియు, సీమబీరు నాగరకమనియు వారు తలంతురు. గాజుపాత్రలో పోసినంతమాత్రమున మద్యసారము స్వభావమును మార్చుకొనదు. ఆ యుత్సవమందలి బీరులో అది నూటికి ఆఱు పాళ్లవఱకు ఉండును. "ఒక్కటే త్రాగితిని" అనువాడు తాను లీటరు త్రాగితినని మఱవరాదు. మ్యూనిక్‌లోను మైకమున పడిపోవువారికై వైద్యశిబిర మున్నది. ఆపదలో చిక్కిన స్త్రీలకును బాలికలకును ఆశ్రయమిచ్చు ఏర్పాటు 2003 నుండి కలదు. ఆశ్రయము కావలసినచోట అపాయము లేదని యెట్లనగలము? కాబట్టి ఆ తల్లి మాటను మూఢవిశ్వాసమని త్రోసివేయుటకు వీలులేదు. వారపు కూలి సారా దుకాణమునకు చేరగా, పొయ్యిలో పిల్లి లేవని యిండ్లను ఆమె కన్నులార చూచినది. 1993లో సారా నిషేధము వచ్చెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలెను. చట్టములు వచ్చినవి, పోయినవి. ఆ స్త్రీల యనుభవము మాత్రము పోలేదు.

అయినను చూచుట త్రాగుట కాదు. మద్యమున్న ప్రతిచోటును విడువవలెనన్నచో ఆ బాలుడు ఆ దేశమునే విడువవలసి వచ్చును. తనతో చదువువారు ప్రీతితో పిలువగా, "మీ పండుగ పాపిష్ఠిది" అని గదిలో తలుపు మూసికొనుట శీలము కాదు, గర్వము. ఒక జాతివారి సంగీతమును, వేషమును, అపరిచితునికి చోటిచ్చు స్నేహమును చూడనివానికి ఆ జాతి తెలియదు. ఇంతవఱకు కుమారుని పక్షము బలమైనదే.

అసలు భయస్థానము వేఱొకచోట నున్నది. భారతమందలి మౌసలపర్వమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ద్వారకలో నెవ్వరును సురను చేయరాదనియు, చేసినవానిని బంధువులతోకూడ కొఱత వేయుదుమనియు చాటింపు వేసిరి. ఊరంతయు లోబడెను. కొంతకాలమునకు యాదవులు తీర్థయాత్రకై ప్రభాసమునకు పోయిరి. ఇంట విడిచిన మద్యమును అచ్చట త్రాగిరి. సాత్యకి కృతవర్మను ఎత్తిపొడిచెను, మాట కత్తియయ్యెను, కత్తి కులనాశమయ్యెను. ఊరిలో నిలిచిన నిషేధము యాత్రలో నేల నిలువలేదు? అది రాజభయమే కాని వారి నిశ్చయము కాకపోవుటచేత. "ఇచ్చట నన్నెఱిగినవా రెవరు?" అను తలంపు సగము మైకము. పాత్ర చేతికి రాకముందే అది తల కెక్కును.

కావున యాత్రకు చేసికొను ఏర్పాటులే ధర్మపరీక్షలు. శనివారపు రాత్రి పోవువాడు వేడుకను చూడడు, త్రొక్కిడిని చూచును. పనిదినమున మధ్యాహ్నము పోవలెను. 2005 నుండి సాయంకాలము ఆఱు గంటలవఱకు గుడారములలో వాద్యఘోషమును తగ్గించి యుంచుచున్నారు. మంగళవారములు కుటుంబములకై యేర్పడినవి. పూర్వపద్ధతిని చూడగోరువారికి స్వల్పరుసుముతో వేఱొక యావరణమే కలదు. నిమ్మపానకమును, నీరును అడిగినచో ఇత్తురు. అడుగుటకు సిగ్గుపడువాడు పోకుండుటయే మేలు. తాను త్రాగనని సహచరులకు బయలుదేరకముందే చెప్పవలెను; బల్లకడ చెప్పిన మాట వాదమగును, ముందు చెప్పిన మాట నియమమగును. తిరిగి వచ్చు వేళను సూర్యుడుండగానే నిర్ణయించుకొనవలెను. పాత్రను జ్ఞాపకార్థమని సంచిలో దాచుట వేడుక కాదు, దొంగతనము. అన్నిటికంటె ముఖ్యముగా, అతిథియై పోయినవాడు ఉపదేశకుడు కారాదు. తాను త్రాగకుండుట చాలును, త్రాగువారిని లెక్కపెట్టనక్కఱలేదు.

ఇక నా నిర్ణయము. తన మాటపై తనకు సందేహమున్నవాడును, ఇంట నీ వ్యసనపు జాడలున్నవాడును పోరాదు. అందు లజ్జ యేమియు లేదు. నిశ్చయము గలవాడు పోవచ్చును, కాని దాచి పోరాదు. తల్లి "వలదు" అన్నది ఆజ్ఞ కాదు, సాక్ష్యము. సాక్ష్యమునకు ప్రత్యుత్తరము తర్కము కాదు, నడవడి. ఏయే చోట, ఏయే వేళ, ఎవరితో నుందునో ఆమెకు వివరముగా వ్రాయవలెను. అప్పటికిని ఆమె మనస్సు కుదుటపడనిచో ఈ యేటికి ఆగవలెను. ఆ యుత్సవము వచ్చు సంవత్సరమును జరుగును. ఒకసారి చెడిన నమ్మకము అట్లు ఏటేట తిరిగి రాదు.