నిలకడ

నిజము నిలకడమీద తెలియునని మన పెద్దల మాట. మనిషిని గాని, సంసారమును గాని, వ్యాపారమును గాని మెచ్చుకొనవలసి వచ్చినప్పుడు మన నోట ముందుగా వచ్చు మాట నిలకడ. నిలకడ లేనివానికి పిల్లనిచ్చుటకును, అప్పిచ్చుటకును వెనుదీయుదురు. ఇంత గౌరవము పొందిన ఈ గుణము పుట్టుకతో వచ్చునదా, లేక అనుక్షణము కాపాడుకొనవలసినదా అను ప్రశ్నను మాత్రము సామాన్యముగ ఎవరును వేసికొనరు. నాచేత ఆ ప్రశ్న వేయించినది వేదాంతగ్రంథము కాదు, బెంగుళూరిలో తయారైన తేజస్ అను యుద్ధవిమానము. ఏలయన, దానిని నిర్మించినవారు తెలిసి తెలిసి, కోరి, నిలకడ లేనిదానినిగా నిర్మించినారు.

యుద్ధవిమానమునకును ధర్మవిచారమునకును పొత్తేమి యని కొందరు పాఠకులు ముఖము చిట్లింపవచ్చును. శాంతిపర్వమున ధర్మములను బోధించినవాడు బాణములమీద పరుండిన యోధుడే గదా! పైగా మనము రాయచూరువారము. 1520వ సంవత్సరమున శ్రీకృష్ణదేవరాయలును, బిజాపురపు సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్ షాయును పోరాడినది మన ఊరి కోటకొరకే. ఆయుధములు చేయవలెనా వలదా యను చర్చ వేరు, అది మిక్కిలి పెద్దది. దాని జోలికి ఇచ్చట పోను.

గాలిలో పోవు వస్తువునకు నిలకడ ఎట్లు కలుగునో బాణమును చూచిన తెలియును. బరువు ములికివైపున నుండును, ఈకలు వెనుక నుండును. గాలి ఎటు త్రోసినను ఈకలు దానిని మరల దారికి తెచ్చును. సామాన్య విమానముల నిర్మాణమును ఇట్టిదే. బరువు కేంద్రము ముందుండును, గాలి పైకెత్తెడి బలము దానికి వెనుకగా పనిచేయును. అట్టి విమానము ముక్కు లేచినచో తనంత తానే దించుకొనును. అయితే ముక్కు ఎల్లప్పుడును వ్రాలుచుండును గనుక, తోకవద్దనున్న చిన్నరెక్క తోకను క్రిందికి నొక్కిపట్టవలెను. పెద్దరెక్క పైకెత్తుచుండగా చిన్నరెక్క క్రిందికి లాగుచుండును. నిలకడకు చెల్లించెడి సుంకమిది. అంతియేకాదు, దారి తప్పనొల్లని విమానము దారి మార్చుకొనుటకును ఒల్లదు. ప్రయాణికుల విమానమునకు ఇది గుణమే. శత్రువు వెంటబడినప్పుడు మెరుపువలె మలుపు తిరుగవలసిన విమానమునకు ఇదియే దోషము.

ఈ మర్మమును తొలుత గ్రహించినవారు సైకిళ్లు బాగుచేసి అమ్ముకొను రైటు సోదరులు. ఆ కాలపు పండితులలో పెక్కుమంది విమానమనునది తనంత తానే నిలకడగా తేలవలెనని తలచిరి. సోదరులిద్దరును అట్లు తలపలేదు. సైకిలును ఊరక నిలబెట్టినచో పడిపోవును, ఎక్కినవాడు సరిచేసికొనుచు త్రొక్కినంతసేపు పడదు. 1903 డిసెంబరు 17న వారు ఎగిరించిన యంత్రము నిలకడ లేనిదే. కాని మనిషి చేయి ఎంతసేపని, ఎంత వేగముగనని సరిచేయగలదు? అందుచేత తరువాతివారు మరల నిలకడవైపే మొగ్గిరి. కంప్యూటరు వచ్చిన పిమ్మట గాని పాత తలంపు తల ఎత్తలేదు. అమెరికాలో గ్రమ్మన్ కంపెనీవారు ఎక్స్-29 అను ప్రయోగవిమానమునకు రెక్కలను వెనుకకు గాక ముందునకు వాలునట్లు అమర్చిరి. 1984 డిసెంబరు 14న తొలిసారి ఎగిరిన ఆ విచిత్రమైన విమానమును దాని కంప్యూటర్లు సెకనుకు నలుబది పర్యాయములు సరిదిద్దుచుండెడివి.

తేజస్ రెక్క వేరొక తీరు. అది త్రికోణాకారము, ముందంచు సూటిగా పోక నడుమ మలుపు తిరిగియుండును. తోకవద్ద అడ్డరెక్క లేనే లేదు. విమానము పొడవు 13.2 మీటర్లు, ఈ కొననుండి ఆ కొనకు రెక్కల కొలత 8.2 మీటర్లు. ముక్కు నెత్తుట, దించుట, ప్రక్కలకు ఒరగించుట యన్నియు రెక్క వెనుకంచున కదలెడి పలకలే చేయవలెను. బరువు కేంద్రమును వెనుకకు జరిపినందున, ముక్కు కొంచెము లేచినచో ఇంకను లేవజూచును. దీనిని పట్టియుంచుటకు నాలుగు వరుసల కంప్యూటరు ఏర్పాటు కలదు. పైలటు చేతికర్ర కదపగా ఆ మాట తీగలద్వారా నాలుగింటికిని పోవును. నాలుగును వేరువేరుగ లెక్కగట్టి ఒకదాని జవాబును మరొకదానితో సరిపోల్చుకొనును. ఒక వరుస తేడాగా చెప్పినచో దానిని ప్రక్కకు నెట్టి మిగిలినవి పని సాగించును.

ఈ విమానమునకు ప్రభుత్వపు అనుమతి 1983లో లభించెను. మరుసటి ఏట బెంగుళూరిలో ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఏజెన్సీ ఏర్పడెను. కార్యక్రమమును చిరకాలము నడిపిన ప్రధాన రూపశిల్పి డాక్టరు కోట హరినారాయణగారు 1943లో ఒడిశా రాష్ట్రమందలి బరంపురమున జన్మించినారు, తరువాత హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు ఉపకులపతిగ నుండినారు. ఆ ఇంటిపేరు వినగానే మన సంఘములలో 'మనవాడు' అనుట పరిపాటి. తెలుగును ఒడియాయును ఒకే వీధిలో వినవచ్చు ఊరివానిని రెండు చేతులవారును లాగుకొనుటలో వింత లేదు గాని, కన్నడదేశమున స్థిరపడిన మనమైనను అట్లు లాగకుండుట మర్యాద.

ఇక అసలు ప్రశ్నకు వత్తము. సహజముగా నిలకడగల మనిషి గొప్పవాడా, లేక లోపల చాంచల్యముండియు జాగరూకతచే తన్ను నిలుపుకొన్నవాడు గొప్పవాడా? లోకము మొదటివానినే మెచ్చును. వానిపై కావలి అక్కరలేదు, కావలి పెట్టినచో అవమానమనియు తలచును. ట్రెజరీలలో ఖజానాగదికి రెండు తాళములు వేసి, రెండు తాళపుచెవులను ఇద్దరి చేతులలో నుంచెడి పద్ధతి కలదు. ఒకరు రానిదే రెండవవారు తెరువజాలరు. నా యుద్యోగకాలమున, నిష్కళంకుడని పేరుపడిన పెద్దమనిషి యొకడు ఈ పద్ధతిని నిందించుచుండెడివాడు. నేను దొంగనా, నాకేల రెండవ తాళము అని ఆయన వాదము. వినుటకు సబబుగానే యుండును. కాని రెండవ తాళము ఆయన దొంగయని చెప్పుటలేదు, ఆయన మనిషియని మాత్రమే చెప్పుచున్నది.

గీతలో అర్జునుడు మనస్సు చంచలమైనదని మొరపెట్టుకొనగా, కృష్ణుడు కాదని యనలేదు. ఔననియే చెప్పి, అభ్యాసమును వైరాగ్యమును సాధనములుగ చూపెను. చాంచల్యము లేని మనస్సును తెచ్చిపెట్టుదునని భగవంతుడును మాట ఇయ్యలేదు. కావున నా అభిప్రాయము రెండవవాని పక్షమే. సహజస్థైర్యము కలవానికి తన స్థైర్యము ఎందువలన కలిగినదో తెలియదు, తెలియనిదానిని కాపాడుకొనుట కష్టము. పైగా ధ్వనివేగమును మించినప్పుడు గాలి ఎత్తెడి బలము ఇంకను వెనుకకు జరుగును. మొదటినుండి నిలకడగల విమానము అప్పుడు మరింత బిర్రబిగిసి, తిప్పినను తిరుగనొల్లదు. మంచివారలలో కొందరు కాలము వేగము హెచ్చినప్పుడు ఇట్లే మొండికెత్తుట మనమెరుగనిదా?

అయితే జాగరూకతయందును ఒక ప్రమాదము కలదు. స్వీడను దేశపు గ్రిపెన్ కూడ కంప్యూటర్లచేతనే నిలకడ నిలుపుకొనెడి విమానము. 1989 ఫిబ్రవరి 2న దాని మొదటి నమూనా నేలకు దిగుచు ఊగి, ఊగి, పడిపోయెను. దేవుని దయవలన పైలటు బ్రతికెను. పైలటు సరిచేయుట, దానిని యంత్రము అందుకొనుట, ఈ రెంటికిని పొందిక తప్పినది. ఒకవైపు ఒరిగినదానిని సరిచేయబోగా రెండవవైపునకు మరింత ఒరిగెను. దిద్దుబాటు ఆలస్యమై పెద్దదైనచో, అదియే పతనమునకు కారణమగును.

ఇది చదివినప్పుడు నాకు మన ఇండ్లలోని భాష జ్ఞప్తికి వచ్చినది. రాయచూరు పట్టణమునగాని, తుంగభద్ర కాలువ నమ్ముకొని కోస్తానుండి వచ్చినవారు వెలయించిన సింధనూరు, మాన్వి క్యాంపులలోగాని, బడిలో కన్నడము, బజారులో ఉర్దూకూడ, ఇంట తెలుగు. ఇచ్చట తెలుగు తనంత తానే నిలుచునది కాదు. పసివాడు 'హౌదు' అనగా ఆ క్షణమే నాయనమ్మ 'అవును అనరా నాయనా' అనుచుండెను గనుక నిలిచినది. అది చిన్న దిద్దుబాటు, వానికి దిద్దినట్లే తెలియదు. పదేండ్లు ఊరకుండి, పదునొకండవ ఏట బంధువులయెదుట 'తెలుగే రాదు వీనికి' అని గద్దించిన తండ్రులనుగూడ చూచితిని. ఆ పిల్లలు తెలుగు నేర్వలేదు సరిగదా, బంధువులు వచ్చినప్పుడు మిద్దెయెక్కి కూర్చుండిరి.

మరల విమానమునకు వత్తము. 1995 నవంబరు 17న మొదటి తేజస్ నమూనాను షెడ్డునుండి బయటికి తెచ్చి ప్రజలకు చూపిరి. అది ఎగిరినది 2001 జనవరి 4న. నడుమ ఐదేండ్లకు పైగా అది నేలమీదనే యుండెను. ఎగురని విమానమని నవ్వినవారు కలరు. జాప్యములో కొంతభాగము నవ్వదగినదే, పదునెనిమిదేండ్ల కాలము ఏ ఫైలునకును గౌరవము కాదు. కాని ఆ ఐదేండ్లను మాత్రము నేను నిందింపజాలను. రెక్కకు నిలకడనిచ్చు లెక్కలను మనవారే కట్టవలసియుండెను. అందుకొరకు 1992లో జాతీయ స్థాయిలో ఒక బృందమును ఏర్పరచిరి. 1996లో ఆ లెక్కలను అమెరికాలో ఎఫ్-16 విమానమున కెక్కించి ఎగిరించి చూచిరి. 1998 మే నెలలో పోఖ్రాన్ అణుపరీక్షలు జరిగిన వెంటనే అమెరికా ఆంక్షలు విధించెను. అచ్చట పనిచేయుచున్న మన యింజనీర్లు ఇంటికి తిరిగిరావలసి వచ్చెను. మిగిలిన పని బెంగుళూరిలోనే ముగించుకొనిరి.

ఈ విమానమును నడుపుటకు కూర్చుండువాడు ఒక్కడే యని మరువరాదు. అంతకు ముందటి స్వదేశీ జెట్ విమానము మారుత్‌ను 1961 జూన్ 17న తొలిసారి ఎగిరించిన సురంజన్ దాస్‌గారు, 1970 జనవరి 10న బెంగుళూరిలో ఆ తరగతి విమానపు ప్రమాదముననే మరణించినారు. ఉద్యోగములకై బెంగుళూరు పోయిన మన పిల్లలు ఆయన పేరిటి రోడ్డుమీద తిరుగుచునే యుందురు. వేచియున్నందుకు నవ్వబడుట ఒకవైపు, వేచియుండనందుకు ఒక ఇల్లాలు విధవయగుట మరియొకవైపు. ఇందులో ఏది యెంచుకొనవలెనో ఆలోచింపనక్కరలేదు. 2001 జనవరి 4న వింగ్ కమాండర్ రాజీవ్ కోఠియాల్‌గారు పదునెనిమిది నిమిషములు ఎగిరి క్షేమముగ దిగినారు. ఆ తరువాత ఇరువది మూడేండ్లు ఒక్క తేజసును కూలలేదు. 2024 మార్చి 12న జైసల్మేరువద్ద ఒకటి కూలగా పైలటు బయటపడెను. 2025 నవంబరు 21న దుబాయి ప్రదర్శనలో కూలినప్పుడు పైలటు ప్రాణములు దక్కలేదు. నాలుగు కంప్యూటర్లున్నను ఆ కుర్చీలో మనిషి ప్రాణము ఒక్కటే.

నాలుగు వరుసల సంగతి గూర్చి నాకు తీరని చింత యొకటి కలదు. నాలుగును ఒకే మాట చెప్పినచో అది సత్యమేనా? 1996 జూన్ 4న ఐరోపావారి ఏరియాన్-5 రాకెట్టు తన మొదటి ప్రయాణమున నిమిషము నిండకముందే నాశనమయ్యెను. దిక్కు తెలుపు యంత్రములు రెండుండినను, రెండింటను వ్రాసియుంచిన లెక్క ఒక్కటే యగుటచే రెండును ఒకేరీతిగ చెడిపోయినవి. తేజస్ విషయమున ఫ్రాన్సు దేశపు డసో కంపెనీవారు మూడు డిజిటల్ వరుసలును, వానికి తోడుగ పాతపద్ధతి అనలాగ్ వరుస యొకటియు సూచించిరి. మనవారు నాలుగును డిజిటల్‌వే కావలెననిరి. వ్రాసినవారు గాక వేరువారు ప్రతి పంక్తిని పరీక్షించుట, నేలమీది నమూనాలో పైలట్లను కూర్చుండబెట్టి వారు తప్పుపట్టినదానిని మార్చుట, ఇట్టి పద్ధతులతో ఆ లోటును పూడ్చుకొనిరి.

లెక్కలు వ్రాసి ముసలివాడనైన నాకు ఈ సంగతి బాగుగ నచ్చినది. నేనెరిగిన ఒక కార్యాలయమున ఒక బిల్లును ముగ్గురు సరిచూచి ముగ్గురును సరియేనని సంతకములు చేసిరి. కూడికలు ముత్యములవలె నున్నవి. ఏడాది తరువాత వేరొక శాఖనుండి తనిఖీకి వచ్చిన కుర్రవాడు, మన ఊరివాడును కాడు, మన భాషవాడును కాడు, ఆ కూడికలవైపు చూడనైనను లేదు. మంజూరు ఉత్తరువు అసలు ప్రతి ఎక్కడ, తెండని అడిగెను.