టిప్పు దయ, కూలి హక్కు

సికింద్రాబాద్ స్టేషన్ ఎదుట ఒక హోటల్లో టీ తాగాం. బల్ల తుడిచే కుర్రాడు మన గూడెం వైపువాడే. పది రూపాయలు చేతిలో పెడితే తల వంచుకున్నాడు.

మన గూడెంలో ఈ రోజు వాళ్ల పొలంలో మనం నాట్లేస్తే, రేపు మన పొలానికి వాళ్లొస్తారు. అక్కడ పై చెయ్యి, కింద చెయ్యి అని ఉండదు.

హోటళ్లు తమంతట తాము బిల్లులో సర్వీస్ చార్జి కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో చెప్పింది. మంచిదే. టిప్పు ఇష్టంగా ఇచ్చేది. కానీ వడ్డించేవాళ్లు, ఇంటింటికీ ఆర్డర్లు మోసేవాళ్లు ఆ ఇష్టం మీదే బతకాలా? కూలి యజమాని బాధ్యత.

అలాగని "యజమానే ఇవ్వాలి" అంటూ మనం జేబు మూసుకుంటే యజమానికి పోయేదేమీ లేదు, నష్టం ఆ పిల్లవాడికే. ఉన్నప్పుడు ఇద్దాం, తమ్ముడూ అని పిలిచి ఇద్దాం. వాడి కూలి కోసం వాడితో కలిసి అడుగుదాం.