అట్టముక్కకు అలసట లేదు

బేస్‌బాల్‌ను మైదానంలో కాక బల్లమీద ఆడేవారు అమెరికాలో చాలామంది వున్నారు. 1961లో హాల్ రిచ్‌మన్ అమ్మకానికి పెట్టిన స్ట్రాట్-ఓ-మాటిక్ ఆ ఆటల్లో పేరుపడ్డది. ఒక్కొక్క ఆటగాడికి ఒక్కొక్క అట్టముక్క. అతడు నిరుడు మైదానంలో యెట్లా ఆడాడో ఆ లెక్కంతా దానిమీద అంకెలుగా అచ్చవుతుంది. మూడు పాచికలు వేసి ఫలితం తేలుస్తారు. స్నేహితులు జట్లు పంచుకుని నెలల తరబడి లీగు నడుపుతారు.

కాలక్షేపపు ఆటకు నీతిచర్చ యెందుకని మిత్రులు నవ్వవచ్చు. అయితే ఆ లీగు ఆఖరివారంలో వొక ప్రశ్న పుడుతుంది. అది నవ్వి తోసెయ్యదగ్గది కాదు.

బంతి విసిరేవాణ్ణి పిచ్చరంటారు. వొక పిచ్చరు నిరుడు 180 ఇన్నింగ్సులు విసిరాడనుకుందాం. అతని అట్టముక్కను అంతకుమించి వాడకూడదని చాలా లీగుల్లో కట్టుబాటు. ఆఖరివారానికి 178 ఖర్చయిపోయినయి. ఇంకొక్క గెలుపు దక్కితే తుదిపోటీల్లో చోటు. వొక్క ఆటలో వచ్చే అలసటకు అట్టముక్కమీద గుర్తున్నది గాని, యేడాది పొడుగునా పేరుకునే అలసట దానికి తెలియదు. మరో తొమ్మిది ఇన్నింగ్సులు వాడుకుంటే యెవరి భుజమూ నొప్పి పుట్టదు. మరి తప్పెక్కడ?

ప్రత్యర్థికి యిచ్చిన మాట తప్పటమే తప్పు అనటం తేలిక జవాబు. అది నిజమే గాని చాలదు. అందరూ వొప్పుకుని ఆ హద్దు యెత్తివేస్తే? అప్పుడు మాట తప్పినవాడు లేడు. అయినా ఆ గెలుపులో యేదో బోలుతనం మిగులుతుంది. యెందుకంటే 180 అనే అంకె పాచికలు ప్రసాదించింది కాదు, వొక మనిషి భుజం చేసిన పని. ఆపైన వాడుకునే ప్రతి ఇన్నింగ్సూ యెవరూ చెయ్యని పనికి ఫలం కోరటం.

ఆ మనిషికి దీనివల్ల నష్టం లేదు. తన పేరుతో యెక్కడో పాచికలు దొర్లుతున్నాయని కూడా అతడెరుగడు. ఈ ఆక్షేపణ నేను వొప్పుకుంటాను. నష్టం వాడుకునేవాడి చూపుకు: పని వుండి పనివాడు లేని లోకం అతనికి సహజంగా కనపడటం మొదలవుతుంది.

జీతాల మొత్తానికి హద్దు పెట్టాలని యజమానులు పట్టుపట్టగా, 1994 ఆగస్టు 12న అమెరికా పెద్ద లీగుల ఆటగాళ్లు సమ్మెకు దిగారు. 74 గెలిచి 40 వోడి అందరికన్నా ముందున్న మాంట్రియల్ జట్టు ఆట అక్కడే ఆగిపోయింది. సెప్టెంబరు 14న మిగిలిన సీజను రద్దు చేశారు. ఆ మిగిలిన ఆటల్ని కొందరు పాచికలతోను, కంప్యూటర్లతోను పూర్తిచేసుకున్నారు. వారిని సమ్మెద్రోహులంటే నేనొప్పను. ఆ ఆటలవల్ల యజమానులకు వొక్క టిక్కెట్టూ అమ్ముడుపోలేదు. కాని 1995 వసంతంలో యజమానులు చేసింది వేరు. బదులు మనుషుల్ని తెచ్చి, జట్టు దుస్తులు తొడిగి, మైదానంలో దింపారు. చొక్కా వుంటే చాలు, లోపల యెవరైతేనేం! మార్చి 31న న్యాయస్థానం యిచ్చిన వుత్తరువు తరువాతనే అసలు ఆటగాళ్లు తిరిగి వచ్చారు.

బల్లముందు కూచున్నవాడు యజమాని కాడు, నిజమే. కాని ఆ రాత్రి అతని ముందు నూటయెనభై అనే అంకె వున్నది, అడిగేవాడు లేడు. రెండు ఇన్నింగ్సులు కాగానే ఆ అట్టముక్కను పక్కన పెట్టి, జట్టులోకెల్లా నాసి పిచ్చరుది పైకి తీసి, పాచికలు చేతపట్టాలి.